దూరపు యుద్ధాన్ని చదవడం ఎలా: చిత్తూరు నేల నేర్పే పద్ధతి

చిత్తూరుకు చేరువలో నరసింగరాయనిపేట అనే ఊరుంది. 1782 డిసెంబరు 7న మైసూరు పాలకుడు హైదర్ అలీ ఆ ఊరి దగ్గరి దండు విడిదిలో, వీపున లేచిన రాచపుండు మానక, కన్నుమూశాడు. అప్పటికి రెండేళ్లకు పైగా ఆయన సేనలు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీతో పోరాడుతున్నాయి. మన జిల్లా పిల్లలు ఈ సంగతిని పాఠంలో ఒక తేదీగా చదివి వదిలేస్తారు. ఆ యుద్ధానికి నిప్పు ఎక్కడ రాజుకుందో వెతుక్కుంటూ వెళితే దారి అమెరికా దాకా పోతుంది. అక్కడి వలస రాజ్యాల తిరుగుబాటుకు మద్దతుగా 1778లో ఫ్రాన్సు ఇంగ్లండుపై యుద్ధానికి దిగింది; ఆ కారణంగా ఇంగ్లీషువారు మన దేశంలోని ఫ్రెంచి స్థావరాలను పట్టుకోవడం మొదలుపెట్టి, 1779లో మలబారు తీరంలోని మాహే రేవును కూడా తీసుకున్నారు; హైదర్‌కు ఫ్రెంచి ఆయుధాలు దిగేది ఆ రేవులోనే గనుక, ఆయన దానిని తన రక్షణలోని చోటుగా భావించేవాడు. 1780 జులైలో ఆయన కనుమలు దిగి ఆర్కాటు సీమ మీదికి వచ్చాడు.

తిరుపతిలో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మంది కూర్చుని అంతర్జాతీయ వార్తలు చదువుతారు. వారిలో డిగ్రీ విద్యార్థులున్నారు, గ్రూప్ పరీక్షలకు సిద్ధమవుతున్నవారున్నారు. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే అడుగుతారు: అమెరికా, రష్యా, చైనా తలచుకుంటే ఈ యుద్ధాలు రేపే ఆగిపోవా, సార్? ఇందులో సగం నిజముంది. అగ్రరాజ్యాల పోటీ యుద్ధాన్ని పుట్టించడం కంటే దాని వయసును నిర్ణయించడమే ఎక్కువని, అగ్రరాజ్యాల మధ్య కుదిరిన శాంతి, అక్కడి మనుషుల మధ్య కుదరవలసిన శాంతి రెండు వేర్వేరు పనులని నేను నమ్ముతాను. ఈ తేడాను ఎవరికి వారు గుర్తుపట్టడానికి మేము అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. కావలసిన సరంజామా తక్కువే: ఒక మంచి అట్లాసు, ఒక లాంగ్ నోట్‌బుక్, వారానికి ఒక గంట. ఒకేసారి నాలుగు యుద్ధాలను పట్టుకోకండి. ఒక్కదాన్ని ఎంచుకుని కనీసం మూడు నెలలు దానితోనే ఉండండి.

పెద్దల పేర్లు లేకుండా మొదలుపెట్టండి

నోట్‌బుక్ మొదటి పేజీలో, ఒక్క అగ్రరాజ్యం పేరు కూడా రాయకుండా, ఈ యుద్ధం ఎవరి మధ్య, దేనికోసం జరుగుతోందో ఐదారు వాక్యాల్లో రాయండి. చెప్పినంత తేలికగా ఇది సాగదు. చాలామందికి రెండో వాక్యం దగ్గరే కలం ఆగిపోతుంది. మనకు వార్తలు చేరేది పెద్ద రాజధానుల మీదుగా గనుక, కొట్లాడుకుంటున్న ఊళ్ల పేర్లు, అక్కడి భూమి తగాదాలు, తెగల లెక్కలు, పన్నులు, పదవులు మన దాకా రావు. ఆ పేజీ నింపలేకపోతే ఆ యుద్ధం మీద అభిప్రాయం చెప్పే సమయం ఇంకా రాలేదన్నమాట. అది నిండేదాకా చదవండి.

సాధనకు మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. పాకాల దగ్గరి దామలచెరువు కనుమలో 1740లో మరాఠాలతో జరిగిన పోరులో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ హతుడయ్యాడు. రెండేళ్లకు ఆయన కొడుకు సఫ్దర్ అలీని వేలూరులో సొంత బంధువే చంపించాడు. అల్లుడు చందా సాహెబ్ మరాఠాల చెరలో పడ్డాడు. ఈ సందులో నిజాం తన మనిషి అన్వరుద్దీన్‌ను ఆర్కాటు గద్దెపై కూర్చోబెట్టాడు. చెర నుంచి బయటపడిన చందా సాహెబ్ 1749లో ఫ్రెంచి సైనికులను వెంటబెట్టుకుని వచ్చి అంబూరు దగ్గర అన్వరుద్దీన్‌ను ఓడించి చంపగా, అన్వరుద్దీన్ కొడుకు మహమ్మద్ అలీ ఇంగ్లీషువారి అండ చేరాడు. పాఠ్యపుస్తకం దీనిని ఫ్రెంచి, ఇంగ్లీషు పోటీగా చెబుతుంది, ఆ మాట తప్పు కాదు. అయితే గద్దె తగవు వారు చేయి పెట్టడానికి తొమ్మిదేళ్ల ముందే దామలచెరువు కనుమలో మొదలైంది. వారు దానికి మందుగుండు అందించారు, దాన్ని ఎంతకాలం సాగదీయాలో నిర్ణయించారు.

ఇదే చూపుతో యెమెన్‌ను చదవండి. ఉత్తరాన సాదా ప్రాంతంలో హౌతీలనే తిరుగుబాటు వర్గానికి, అక్కడి ప్రభుత్వానికి మధ్య 2004 నుంచి 2010 దాకా ఆరు విడతల యుద్ధం జరిగింది. 2014లో హౌతీలు రాజధాని సనాను పట్టుకున్నారు. 2015 మార్చిలో సౌదీ అరేబియా నాయకత్వంలోని కూటమి బాంబు దాడులు మొదలుపెట్టింది. హౌతీలకు ఇరాన్ అందించే ఆయుధాల మాట ఆ తరువాతే మన పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది. ఇరాన్, సౌదీ రెండూ రేపు తప్పుకున్నా సాదా ఫిర్యాదులు సాదాలోనే ఉంటాయి. మొదటి పేజీ రాయనివారు ఈ విషయాన్ని చూడలేరు.

బయటి నుంచి వచ్చేవాటిని విడివిడిగా రాయండి

రెండో పేజీని నిలువు గీతలతో ఐదు భాగాలు చేయండి: డబ్బు, ఆయుధాలు, మనుషులు, దాగడానికి చోటు లేదా సరకు వచ్చే దారి, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అడ్డుపడే చేయి. ఏ పక్షానికి ఏది ఎక్కడి నుంచి అందుతోందో రాశాక, ప్రతి గడి కింద ఇంకొక ప్రశ్న రాయండి: ఇది ఆగితే ఎన్నాళ్లలో తెలుస్తుంది? నా అనుభవంలో ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఈ ప్రశ్నలోనే ఉంది.

అఫ్గానిస్తాన్ అనుభవాన్ని చూడండి. 1988 ఏప్రిల్‌లో జెనీవా ఒప్పందాలు కుదిరి, 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సైన్యం చివరి దళం కూడా వెళ్లిపోయింది. సోవియట్ అండతో నడిచిన నజీబుల్లా ప్రభుత్వం ఇక కొద్ది నెలలే అని చాలామంది అనుకున్నారు. అదే ఏడాది మార్చిలో జలాలాబాద్‌పై తిరుగుబాటుదారులైన ముజాహిదీన్ వర్గాలు చేసిన పెద్ద దాడిని ఆ ప్రభుత్వం తిప్పికొట్టి మూడేళ్లు నిలబడింది. మనుషుల గడి ఖాళీ అయినా డబ్బు, ఆయుధాలు, ఇంధనం వస్తూనే ఉండటం అందుకు ముఖ్య కారణం. అమెరికా, సోవియట్ యూనియన్ ఉభయులూ 1992 జనవరి 1 నుంచి తమ తమ పక్షాలకు ఆయుధాలు ఆపడానికి ఒప్పుకున్నాయి; ఇంతలో సోవియట్ యూనియనే లేకుండా పోయింది; నాలుగు నెలలు గడవకముందే, ఏప్రిల్‌లో, కాబూల్ చేతులు మారింది. సైన్యం వెనక్కి వెళ్లడం అందరూ ఫొటోలు తీసే దృశ్యం, డబ్బు ఆగడం మాత్రం ఎవరి కంటా పడదు. కాబూల్ తలరాతను మార్చింది ఆ రెండోదే. దాని తరువాత శాంతి కూడా రాలేదు: గెలిచిన ముజాహిదీన్ వర్గాలు ఒకరిపై ఒకరు తిరగబడి, అంతవరకు నిలిచిన కాబూల్ నగరాన్నే నేలమట్టం చేసుకున్నాయి.

ఐదో గడిని చాలామంది తేలికగా వదిలేస్తారు. భద్రతా మండలిలో వీటో హక్కు ఉన్న దేశాలు ఐదు. వీటో యుద్ధం చేయదు, యుద్ధం చేస్తున్నవారికి గడువు ఇస్తుంది. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం నడుస్తుండగా, వెంటనే కాల్పులు ఆపాలన్న తీర్మానాలను సోవియట్ యూనియన్ వీటో చేసింది. అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపింది. అంతకు నాలుగు నెలల ముందు, ఆగస్టు 9న, మనకూ సోవియట్లకూ స్నేహ ఒప్పందం కుదిరి ఉంది. ఆ గడువులోనే మన సైన్యం ఢాకా చేరింది, డిసెంబరు 16న పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి. లక్షల మంది శరణార్థుల కన్నీళ్లు చూసిన మనకు ఆ వీటో న్యాయంగానే తోచింది, నాకు ఇప్పటికీ అలాగే తోస్తుంది. అదే పరికరాన్ని సిరియా విషయంలో 2011 నుంచి రష్యా పదేపదే వాడింది. గాజాలో కాల్పుల విరమణ కోరిన తీర్మానాలపై 2023, 2024 సంవత్సరాల్లో అమెరికా వాడింది. మనకు ఇష్టమైన వీటోను, ఇష్టం లేని వీటోను ఒకే గడిలో, ఒకే సిరాతో రాయగలిగితేనే ఈ పేజీ పనికొస్తుంది.

పోషక దేశానికి ఇది ప్రాణమా, బేరమా?

అండగా నిలిచిన దేశాన్ని పోషక దేశమని, అండ పొందుతున్నవారిని ఆశ్రిత పక్షమని పిలుచుకుందాం. పోషక దేశం చెప్పే సిద్ధాంతాన్ని రాసుకోండి, అయితే దానిని కారణంగా రాసుకోకండి. 1977లో ఇథియోపియాలోని ఒగాడెన్ ప్రాంతం కోసం సోమాలియా యుద్ధానికి దిగేనాటికి సోమాలియాకు ఆయుధాలిచ్చింది సోవియట్ యూనియనే. బెర్బెరా రేవులో దాని నౌకలకు చోటుండేది. యుద్ధం నడుస్తుండగానే సోవియట్లు ఇథియోపియా వైపు మారారు, క్యూబా సైనికులు అక్కడికి చేరారు, సోమాలియా అమెరికా వైపు జరిగింది. ఒక్క ఏడాదిలో పోషకులు చేతులు మార్చుకున్నారు. ఒగాడెన్ పశువుల కాపరులకు సిద్ధాంతం ఏమి ఒరగబెట్టిందో ఊహించుకోవచ్చు.

కనుక అడగవలసినది ఇది: ఈ యుద్ధం పోషక దేశానికి ప్రాణమా, బేరమా? 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. 1748లో ఐరోపాలో సంధి కుదిరినప్పుడు మద్రాసును ఇంగ్లీషువారికి తిరిగి ఇచ్చి, అందుకు బదులుగా ఉత్తర అమెరికాలోని లూయిబర్గ్ కోటను ఫ్రాన్సు వెనక్కి తీసుకుంది. చంద్రగిరి ఏలిన రాజుల కాలంలో ఇంగ్లీషువారి చేతికి వెళ్లిన ఆ తీరపు నేల, నూరేళ్లు తిరిగేసరికి, ఎక్కడో మంచు సముద్రపు ఒడ్డునున్న కోటకు మారకం సరకైంది. ఇది బేరం. 1950 అక్టోబరులో అమెరికా నాయకత్వంలోని సేనలు చైనా సరిహద్దు నది యాలూ వైపు వస్తున్నప్పుడు, అంతర్యుద్ధం ముగించి ఏడాది మాత్రమే అయిన చైనా, లక్షల మందిని కొరియాలోకి పంపింది. ఇది ప్రాణం. బేరమైనచోట పోషక దేశం తగిన ధర వచ్చిన రోజున వెళ్లిపోతుంది. ప్రాణమైనచోట ఎంత నష్టమైనా ఉంటుంది. అక్కడ శాంతి రావాలంటే దాని సరిహద్దు భయానికి ఏదో ఒక జవాబు దొరకాలి.

ఇద్దరు పెద్దలూ ఒకేసారి వద్దనుకుంటే ఎంత వేగంగా ఆగుతుందో 1956 సూయజ్ చూపించింది. అక్టోబరు 29న ఇజ్రాయెల్, ఆ వెంటనే బ్రిటన్, ఫ్రాన్సు ఈజిప్టుపై దాడికి దిగాయి. సోవియట్ యూనియన్ బెదిరించింది; అమెరికా అంతకంటే గట్టి పని చేసి, పడిపోతున్న పౌండుకు ఆసరా నిరాకరించింది. నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగాయి. ఇలాంటి కలయిక అరుదని గుర్తుంచుకోండి. దాన్నే నియమంగా ఊహించుకోవడం వల్లనే పెద్దలు తలచుకుంటే ఏదైనా ఆగుతుందన్న భ్రమ పుడుతుంది.

ఆశ్రిత పక్షం చేతిలో ఏముందో చూడండి

చిన్న పక్షాలను తోలుబొమ్మలుగా చూడటం ఈ చదువులో జరిగే పెద్ద తప్పు. బొబ్బిలి కథ తెలుగువారందరికీ తెలుసు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోటపై పడ్డాడని చెప్పుకుంటాం, కానీ బొబ్బిలితో బుస్సీకి ఏ పగా లేదు. పాత వైరం విజయనగరం విజయరామరాజుది, బుస్సీ ఫిరంగులను ఆ గోడల ముందుకు నడిపించింది ఆ వైరమే. హైదర్ అలీ కూడా ఫ్రెంచివారి కోసం యుద్ధానికి దిగలేదు. 1769 సంధిలో సాయం చేస్తామని మాటిచ్చిన ఇంగ్లీషువారు మరాఠాలు మీదికి వచ్చినప్పుడు కదలకపోవడం ఆయన మనసులో పాతుకుపోయింది.

1953 జూన్‌లో కొరియా యుద్ధ విరమణ దాదాపు కుదిరిన దశలో, ఆ విరమణ ఇష్టంలేని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ, అమెరికాకు చెప్పకుండా, సుమారు 27,000 మంది యుద్ధఖైదీలను శిబిరాల నుంచి వదిలేశాడు. ఖైదీల అప్పగింతే అప్పటి చర్చల్లో పీటముడి గనుక, ఇది ఒప్పందాన్ని చెడగొట్టే ప్రయత్నమే. ఒప్పందం చెడలేదు, కానీ రీ నోరు కట్టడానికి అమెరికా పరస్పర రక్షణ ఒప్పందం ఇవ్వవలసి వచ్చింది. ఆయుధం ఇచ్చినవాడిని ఆయుధం పట్టినవాడు ఎలా లాగగలడో దీనికంటే స్పష్టమైన నిదర్శనం నాకు కనబడలేదు. అందుచేత మీ నోట్‌బుక్‌లో ఆశ్రిత పక్షానికి ఒక పేజీ కేటాయించి, యుద్ధం ఆగితే దాని నాయకులు ఏమి కోల్పోతారో, సంధిని చెడగొట్టడానికి వారి చేతిలో ఏ సాధనం ఉందో రాయండి.

రెండు శాంతులను వేరుచేయండి

శాంతి అవకాశాలను అంచనా వేసేటప్పుడు రెండు పేజీలు తెరవండి. ఒకటి పోషక దేశాల మధ్య శాంతి, రెండోది యుద్ధభూమిలోని పక్షాల మధ్య శాంతి. పత్రికల్లో కరచాలనాల ఫొటోలు వచ్చేది మొదటిదానికి. రెండోది రావడానికి ఏళ్లు పట్టవచ్చు, రాకపోనూవచ్చు.

హైదర్ తరువాత ఏమైందో చూస్తే ఈ తేడా బోధపడుతుంది. బొబ్బిలి ముట్టడించిన ఆ బుస్సీయే, వయసు మీరి, 1783లో ఫ్రెంచి సేనలతో కడలూరు చేరాడు. ఆ జూన్‌లో ఇంగ్లీషువారు కడలూరును ముట్టడించి ఉండగానే ఐరోపాలో ఫ్రాన్సు, ఇంగ్లండు రాజీపడ్డాయన్న కబురు వచ్చింది. కబురుతో పాటే ఫ్రెంచివారు యుద్ధం మానేశారు. మంగళూరు ముట్టడిలో టిప్పు వెంట ఉన్న ఫ్రెంచి సైనికులు కూడా పక్కకు తప్పుకున్నారు. ఆ రాజీలో టిప్పును ఎవరూ సంప్రదించలేదు. ఆయన ఒంటరిగా మరికొన్ని నెలలు పోరాడి, 1784 మార్చి 11న మంగళూరు సంధి చేసుకున్నాడు. పెద్దల శాంతికీ చిన్నవారి శాంతికీ మధ్య గడిచిన ఆ నెలలను మన సీమలో ఎవరు అనుభవించారో చరిత్ర పుస్తకాలు రాయలేదు. పంట మేసిన గుర్రాలూ, తగలబడిన ఊళ్లూ ఎవరి లెక్కలోకీ రావు.

అంగోలా, మొజాంబిక్ దేశాలను పక్కపక్కన పెట్టి చదివితే రెండో శాంతి దేనిమీద నిలుస్తుందో తెలుస్తుంది. రెండూ 1975లో పోర్చుగల్ నుంచి విముక్తి పొందాయి, రెండింటిలోనూ సోవియట్ మొగ్గున్న ప్రభుత్వాలు వచ్చాయి, రెండింటిలోనూ దక్షిణాఫ్రికా అండతో తిరుగుబాటు సేనలు పోరాడాయి. అంగోలాలో ఆ సేన జోనాస్ సవింబి నాయకత్వంలోని యునిటా, దానికి అమెరికా అండ కూడా ఉండేది. 1988 డిసెంబరులో న్యూయార్క్‌లో కుదిరిన ఒప్పందంతో, ప్రభుత్వానికి తోడుగా ఉన్న క్యూబా సైన్యం అంగోలా నుంచి, దక్షిణాఫ్రికా నమీబియా నుంచి వెళ్లిపోవడానికి దారి ఏర్పడింది. 1991లో అంగోలా పక్షాలే సంధి చేసుకున్నాయి. 1992 సెప్టెంబరులో ఎన్నికలు జరిగాయి, సవింబి ఫలితాన్ని తిరస్కరించాడు, యుద్ధం మళ్లీ రగిలింది. అప్పటికి సోవియట్ యూనియన్ లేదు, క్యూబా సైనికులు లేరు, అమెరికా మరుసటి ఏడాది అంగోలా ప్రభుత్వాన్నే గుర్తించింది. పోషకులందరూ వెళ్లిపోయాక కూడా ఆ యుద్ధం పదేళ్లు సాగింది, ఎందుకంటే ప్రభుత్వానికి సముద్రపు చమురు, యునిటాకు నదీలోయల వజ్రాలు చేతిలో ఉన్నాయి. 2002 ఫిబ్రవరి 22న సవింబి చనిపోయిన ఆరు వారాలకు గానీ తుపాకులు ఆగలేదు.

మొజాంబిక్ తిరుగుబాటుదారులైన రెనామోకు అలాంటి వజ్రాలు లేవు. 1991, 1992 సంవత్సరాల కరువు ఇరుపక్షాల కడుపులనూ ఎండబెట్టింది. 1992 అక్టోబరు 4న రోమ్‌లో, సంత్ ఎజీదియో అనే కాథలిక్ సమాజం మధ్యవర్తిత్వంలో, సంధి కుదిరింది. ఐక్యరాజ్యసమితి అంగోలా నుంచి పాఠం నేర్చుకున్నది ఇక్కడే. అంగోలాలో సుమారు 350 మంది సైనిక పరిశీలకులతో, రెండు సైన్యాలూ ఆయుధాలు వదలకముందే ఎన్నికలు పెట్టారు. మొజాంబిక్‌కు ఆరేడు వేల మంది సైనికులను పంపారు, సైన్యాలను విడగొట్టేదాకా ఎన్నికలను 1994 అక్టోబరుకు జరిపారు, రెనామో రాజకీయ పార్టీగా మారడానికి ప్రత్యేక నిధి ఏర్పాటు చేశారు. ఆ పార్టీ ఓడి, 250 స్థానాల్లో 112 గెలిచి, ప్రతిపక్షంలో కూర్చుంది. రెండు దశాబ్దాల తరువాత అక్కడ చిన్నపాటి పోరు మళ్లీ రేగి 2019లో ఇంకొక ఒప్పందం అవసరమైన మాటా నిజమే, అయినా ఒక తరం పిల్లలు బడికి వెళ్లగలిగారు, దానికి వెలకట్టలేం.

ఈ పోలిక నుంచి మీ రెండో పేజీకి కావలసిన ప్రశ్నలు వస్తాయి. పోషక దేశం తప్పుకున్నా పోరాడగల సొంత రాబడి ఏ పక్షానికైనా ఉందా? ఆయుధాలు ఎవరికి, ఎప్పుడు అప్పగించాలి, అప్పగించినవారిని ఎవరు కాపాడతారు? ఓడినవారికి బతుకు, పదవి, గౌరవం ఏ మేరకు మిగులుతాయి? కంబోడియాను చూడండి: చైనా, సోవియట్ యూనియన్ 1989లో దగ్గరయ్యాక, అక్కడున్న వియత్నాం సైన్యం వెనుదిరిగి, 1991 అక్టోబరులో ప్యారిస్ ఒప్పందం కుదిరింది. చైనా సాయం ఆగినా, ఆ సాయంతో పోరాడిన ఖ్మేర్ రూజ్ అనే తిరుగుబాటు దళాలు పైలిన్ కెంపులనూ, అడవి కలపనూ అమ్ముకుంటూ ఇంకా కొన్నేళ్లు అడవుల్లో నిలిచాయి. మొదటి ప్రశ్నకు ఉందనే జవాబు వస్తే మీ అంచనాలో నెలలను ఏళ్లుగా దిద్దుకోండి.

వార్తలోని మాటలను తూచండి

కాల్పుల విరామం, యుద్ధ విరమణ ఒప్పందం, శాంతి ఒప్పందం మూడింటినీ మన పత్రికలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తాయి. కొరియాలో 1953 జులై 27న కుదిరింది యుద్ధ విరమణ. శాంతి ఒప్పందం నేటికీ లేదు. స్వదేశానికి తిరిగి వెళ్లనన్న ఖైదీల విషయం తేల్చడానికి ఏర్పడిన తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడుగా ఉన్నాడు. ఏ కూటమిలోనూ లేని దేశం ఏ పనికి అక్కరకొస్తుందో తెలుసుకోగోరేవారు ఆ ఘట్టాన్ని విడిగా చదవాలి. ఒప్పందం కుదిరిందన్న వార్త చూడగానే సంతకం చేసినవారి పేర్లు రాయండి. తుపాకీ పట్టినవారి సంతకం లేకపోతే అది మొదటి శాంతి మాత్రమే.

మన ఊరి దాకా వచ్చే దారిని గీయండి

చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జు డ్రమ్ముల్లో నిండి గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు వెళుతుంది. 2023 నవంబరు నుంచి హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు చేయడంతో చాలా ఓడలు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్లవలసి వచ్చింది. దారి పెరిగితే కిరాయి పెరుగుతుంది, రోజులు పెరుగుతాయి, ఆ బరువు చివరికి తోట దగ్గర కాయ ధర మీదనే పడుతుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ నగరాల్లో వైద్యం చదువుతున్న మన పిల్లలు నేలమాళిగల్లో తలదాచుకుని ఇళ్లకు ఫోన్లు చేశారు, ఇక్కడ పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబాకింది. అట్లాసులో ఈ దారులను పెన్సిలుతో గీయండి. విద్యార్థులు యుద్ధాన్ని దగ్గరగా చూడటం ఈ గీత గీసిన రోజునే మొదలవుతుంది. అయితే మన నూనె ధరనే ఆ యుద్ధానికి కొలతగా పెట్టుకోకండి. మన ధరలు దిగినంత మాత్రాన అక్కడ చావులు ఆగినట్టు కాదు, మన పత్రికల్లో వార్త చిన్నదైనంత మాత్రాన యుద్ధం చిన్నది కాదు.

పద్ధతి సరిపోనిచోట

అగ్రరాజ్యమే స్వయంగా దాడికి దిగినచోట ఈ పేజీలను కొంత మార్చాలి. 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో, ఉక్రెయిన్ తన నేల మీదున్న అణ్వాయుధాలను వదులుకున్నందుకు, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ హామీ ఇచ్చాయి. హామీ తప్పితే ఎవరు వచ్చి పోరాడతారన్నది ఆ పత్రంలో లేదు. 2014లో రష్యా క్రిమియాను కలుపుకుంది, ఆ ఏడాదీ 2015లోనూ మిన్‌స్క్‌లో కుదిరిన ఒప్పందాలు నిలవలేదు, 2022 ఫిబ్రవరి 24న పూర్తిస్థాయి దండయాత్ర మొదలైంది. ఇక్కడ రష్యా పోషక దేశం కాదు, యుద్ధం చేస్తున్న పక్షమే. ఆశ్రిత పక్షం పేజీ ఉక్రెయిన్‌కు మాత్రమే వర్తిస్తుంది, దానికి కూడా పూర్తిగా వర్తించదు, ఎందుకంటే తన నేల మీద తాను పోరాడుతున్న దేశం అండ తగ్గినా పోరాటం వదలకపోవచ్చు. ఈ యుద్ధంపై వచ్చే ప్రతి సంధి ప్రతిపాదనలోనూ నేను మొదట వెతికేది గీత ఎక్కడ గీశారన్నది కాదు, గీత దాటితే ఎవరు ఏమి చేస్తారని రాశారన్నది.

చివరి పని దిద్దుబాటు. నెలకొక ఆదివారం పాత పేజీలు తీసి, తప్పిన అంచనాలను చెరపకుండా, ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, పక్కన తేదీ వేయండి. మా సిరియా పుస్తకంలో ఒక విద్యార్థిని, 2015 సెప్టెంబరులో రష్యా విమానాలు దిగిన సంగతి రాసి, దాని కింద రష్యా అండ ఉన్నంతకాలం అసద్ ప్రభుత్వం కదలదని రాసింది. 2024 డిసెంబరు 8న, పదమూడేళ్లకు పైగా అంతర్యుద్ధాన్ని తట్టుకుని నిలిచిన ఆ ప్రభుత్వం కూలిపోయింది. తిరుగుబాటు సేనల దండయాత్రకు పట్టింది పన్నెండు రోజులే. రష్యా బలగం ఉక్రెయిన్‌లో చిక్కుకుని ఉంది, లెబనాన్‌లోని అసద్ మిత్రసేన హిజ్బుల్లా అప్పటికే దెబ్బతిని ఉంది, ఇరాన్ రాలేకపోయింది. తరువాతి ఆదివారం ఆ అమ్మాయి తన వాక్యానికి అడ్డగీత కొట్టి, ఐదు గడుల పేజీని విప్పి, ప్రతి గడికీ కొత్తగా ఒక వరుస కలిపింది: ఈ అండ ఇస్తున్నవారికి ఇంకెక్కడ యుద్ధం ఉంది? అప్పటి నుంచి మా పుస్తకాలన్నింటిలో ఆ వరుస ఉంది.